టీవీకి వచ్చిన తీగ ఆసుపత్రికి రాదా?

ముద్ద మింగుడు పడటం లేదంటే గ్యాస్ మాత్రలు. నెలైనా తగ్గలేదంటే ఇంకో రకం గ్యాస్ మాత్రలు. అప్పూ సప్పూ చేసి పట్నంలో ఎండోస్కోపీ (నోటి గుండా సన్నని గొట్టం దింపి లోపల చూసే పరీక్ష) చేయించుకునేసరికి అన్నవాహికలో క్యాన్సర్ గడ్డ దారి మూసేసి ఉంటుంది. మన పల్లెల్లో ఇది కొత్త కథేం కాదు.

అవే పల్లెలకు ఆప్టికల్ ఫైబర్ వేయడానికి ప్రభుత్వాలు పోటీ పడ్డాయి. పంచాయతీలన్నిటికీ తీగ లాగాలని కేంద్రం 2011లోనే నిర్ణయించింది. భారత్‌నెట్ అనే ఆ పథకానికే 2023లో రూ.1.39 లక్షల కోట్లు ఆమోదించింది. రూ.149కే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అని ఆంధ్రప్రదేశ్ ఊరించింది. తెలంగాణకు టీ-ఫైబర్ అనే సొంత పథకం ఉంది. ఒక్క ఊరూ మిగలకూడదన్న ఈ పట్టుదల సీరియళ్లకేనా? క్యాన్సర్ పరీక్షకు వర్తించదా?

నిజానికి ఆప్టికల్ ఫైబర్ అనే ఈ గాజు పోగు వైద్యానికే ముందు పనికొచ్చింది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన శాస్త్రవేత్త నరీందర్ సింగ్ కపానీ, బ్రిటన్ శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి ఫైబర్ కట్ట గుండా బొమ్మను పంపవచ్చని 1954లో చూపించారు. 1957లో అమెరికాలోని మిషిగన్‌లో డాక్టర్ బాసిల్ హిర్షోవిట్జ్ ఫైబర్ గొట్టంతో కడుపు లోపల చూశారు. టెలిఫోన్‌కు పనికొచ్చే ఫైబర్ తయారైంది 1970లో! ఇప్పటి ఎండోస్కోపీ గొట్టాల్లో (స్కోప్‌లలో) బొమ్మ తీసేది కొసనున్న కెమెరా చిప్ అయినా, చాలావాటిలో లోపలికి వెలుగు మోసేది ఫైబరే. చికిత్సకూ అది పనికొస్తుంది. కాంతికి స్పందించే మందు ఎక్కించి, రెండు రోజులాగి ఫైబర్ ద్వారా ఎర్ర లేజర్ పంపితే గడ్డలోని కణాలు చస్తాయి. ముదిరిన అన్నవాహిక క్యాన్సర్‌లో మూసుకున్న దారి తెరిచేందుకు అమెరికా దీన్ని 1995లోనే అనుమతించింది.

స్కోప్ ఖరీదైనదని, నడిపే డాక్టర్లు, శుభ్రం చేసే సిబ్బంది కావాలని అధికారులు అంటారు. నిజమే. మరి కొండల మీదికి కేబుల్ లాగినప్పుడు ఖర్చు గుర్తు రాలేదేం?

మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు (పగలు వచ్చి కీమో మందు ఎక్కించుకుని ఇంటికెళ్లేవి) పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. కీమో ఎక్కించాలన్నా ముందు జబ్బు తేలాలి కదా! ముప్పై దాటినవారికి చేసే ఉచిత స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారమే ఉన్నాయి. కడుపు, అన్నవాహిక, ఊపిరితిత్తుల ఊసే లేదు. ముదిరాక లక్షలు కట్టే పథకాలకు బొమ్మలేసి బ్యానర్లు కడతారు. ముందే పట్టుకునే పరీక్షను మాత్రం పట్నానికే వదిలేస్తారు. టీవీకొక నీతి, రోగికొక నీతి!

ఎన్ని కిలోమీటర్ల కేబుల్ వేశారో వేదికలెక్కి చెప్పే మంత్రులు, ఏ జిల్లా, ఏరియా ఆసుపత్రిలో ఎన్ని స్కోప్‌లు పనిచేస్తున్నాయో, ఎన్ని మూలన పడ్డాయో జాబితా బయటపెట్టాలి. అది చేతకాకపోతే కొత్త కేంద్రాలకు రిబ్బన్లు కత్తిరించడమైనా ఆపాలి.