పచ్చ లైటు పెద్దమనిషికి, అనగా పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) ఇంజెక్టర్ గారికి, బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంజెక్టర్ గారికి, నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు కూడా క్షేమమని తలుస్తాం అని మొదలెడదామనుకున్నా గానీ ఇందాక తమరి వీపు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది, అందుకని ఆ లైను కొట్టేస్తున్నా.

అసలు తమరి ఉద్యోగం ఎంత సార్? ఒక పక్క డేటా, ఇంకో పక్క కరెంటు, రెండూ కలిపి ఒకే కేబుల్లో పైన మాస్ట్ అనే స్తంభం మీదున్న ఇంటర్నెట్ లింకు రేడియోకి పంపడం. అంతే కదా. పైనున్నది పాపం ఎండకి ఎండి వానకి తడిసి కిలోమీటర్ల అవతలున్న ఇంకో రేడియోతో మాట్లాడుతూ ఉంటుంది, తమరు కింద పెట్టెలో కూర్చుని ఉంటారు. కానీ లింక్ పడిపోతే తిట్లు ఎవరికి? రేడియోకే. ముందు ఫర్మ్‌వేర్, అదే రేడియో లోపలి సాఫ్ట్‌వేర్, అన్నారు, అప్‌డేట్ చేశారు, తర్వాత ఇంటర్‌ఫియరెన్స్, అంటే పక్క సిగ్నళ్ళ గొడవ, అన్నారు, ఛానల్ మార్చారు, ఆ తర్వాత డిష్ పక్కకి తిరిగిందన్నారు, పైకెక్కి అలైన్‌మెంట్ చేశారు, చివరికి రేడియోనే మార్చేశారు. కొత్త రేడియో కూడా మధ్యాహ్నం అయ్యేసరికి ఢమాల్. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. ఇంత జరుగుతున్నా తమరి వైపు ఒక్కడూ చూడలేదు, ఎందుకంటే తమరి నెత్తిన పచ్చ లైటు వెలుగుతోంది. "పవర్ ఓకే సార్, లైట్ ఉంది."

ఆ లైటు సంగతి మాట్లాడుకుందాం. ఒక ఎల్ఈడీ వెలగడానికి కొన్ని మిల్లీఆంపులు చాలు. తమరి 24 వోల్టులు 19కి జారినా అది అంతే పచ్చగా, అంతే అమాయకంగా వెలుగుతుంది. మల్టీమీటర్ పెట్టి చూశాం కదా అంటారు కొందరు, పెట్టారు, కేబుల్ పీకేసి ఖాళీ పోర్టు మీద పెట్టారు, అప్పుడు దర్జాగా 24 చూపించారు తమరు. పనేమీ లేనప్పుడు అందరం బాగానే ఉంటాం సార్. రేడియో తగిలించి, అది ఫుల్లుగా డేటా పంపుతున్నప్పుడు, కేబుల్ అవతలి చివర, అంటే రేడియో దగ్గర చూడాలి, మధ్యలో పెట్టే పీఓఈ టెస్టర్ ఉంటే ఇంకా సుఖం.

ఇంకో తెలివి తమరిది. లోపలున్న చిప్‌కి ఒక హద్దు ఉంటుంది, అంత వేడి దాటగానే తనంతట తనే ఆగిపోతుంది, కొంచెం చల్లబడగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఈ పడుకోవడం లేవడం కార్యక్రమం నడుస్తుంది, కంప్లైంట్ వెళ్తుంది, టెక్నీషియన్ వచ్చేసరికి సాయంత్రం, అప్పటికి తమరు చల్లగా, శాంతంగా, తపస్సులో ఉన్నట్టు. అతను గంట కూర్చుని చూసి "ఏం లేదండీ, బానే ఉంది" అని సంతకం పెట్టించుకుని పోతాడు. పోనీ రేడియోలో లాగిన్ అయ్యి అప్‌టైమ్, అంటే ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో, చూసినా అప్పుడే దొరికిపోయేవారు. లింక్ తెగినా అప్‌టైమ్ పెరుగుతూనే ఉందంటే అది గాల్లో గొడవ, ఇంటర్‌ఫియరెన్సో అలైన్‌మెంటో. అప్‌టైమ్ ఆగకుండా ఈథర్నెట్ పోర్టు మాత్రం పడుతూ లేస్తూ, గిగాబిట్ కాస్తా 100కి దిగిపోతుంటే కనెక్టర్‌నో కేబుల్‌నో అనుమానించాలి. రేడియో మనం చెప్పకుండానే సున్నా నుంచి లెక్క మొదలెట్టిందంటే మాత్రం ముందు కరెంటు వైపే చూడాలి, అది కూడా ఎండ వేళే జరుగుతూ రాత్రంతా ఒక్కటి కూడా లేకపోతే ఇంక సాక్షులు అక్కర్లేదు.

సరే, ఇంత వేడి ఎందుకు? ఇక్కడ న్యాయంగా చెప్పాలంటే తప్పంతా తమరిది కాదు, తమర్ని అక్కడ కూర్చోబెట్టినవాళ్ళది కూడా. తమరి లేబుల్ మీద 24 వోల్టులు, 0.5 ఆంప్ అని ఉంది, అంటే 12 వాట్లు. రేడియో గరిష్ఠంగా లాగేది 12 వాట్లు. ఆహా జాతకాలు కలిశాయి అని ముడేసేశారు. మధ్యలో 100 మీటర్ల కేబుల్ ఉందని, దానికీ ఒక వాటా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. మామూలు 24 గేజ్ రాగి తీగలో, రెండు జతల మీద కరెంటు పంపితే, పోనూ రానూ కలిపి ఉండే రెసిస్టెన్స్ 8.4 ఓమ్‌లు. రేడియో ఏమో మొండిది, వోల్టేజ్ తగ్గితే ఊరుకోదు, తన 12 వాట్ల కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ లాగితే వోల్టేజ్ ఇంకా తగ్గుతుంది. లెక్క కడితే చివరికి 0.65 ఆంపుల దగ్గర తేలుతుంది, రేడియో దగ్గర మిగిలేది 18.6 వోల్టులు, తీగలో ఆవిరయ్యేది 3.5 వాట్లు. అంటే 12 వాట్ల తమరు 15.5 మోస్తున్నారు. పైగా తమరి సామర్థ్యం 85 శాతం అనుకున్నా, ఆ 15.5 ఇవ్వడానికి గోడ నుంచి 18కి పైగా లాగాలి, ఆ తేడా 2.7 వాట్లు తమరి కడుపులోనే ఉడుకుతుంది. పిడికిలంత ప్లాస్టిక్ డబ్బా, ఒక్క చిల్లు లేదు, ఎక్కడికి పోతుంది సార్ ఆ వేడి?

అదే బల్ల మీద రెండు మీటర్ల కేబుల్‌తో టెస్ట్ చేస్తే అన్నీ పాస్. మరి పాసవ్వవా.

ఇదే రేడియో, ఇదే కేబుల్, 48 వోల్టులతో నడిపితే? కరెంటు 0.26కి పడిపోతుంది, తీగలో నష్టం 0.6 వాట్ల లోపే, అంటే ఆరో వంతు. కరెంటు సగానికి పైగా తగ్గింది కదా, వేడి దాని వర్గం లెక్కన తగ్గింది, పెద్ద మ్యాజిక్ ఏం లేదు. అలాగని 24 వోల్టుల రేడియోకి 48 తగిలించేరు ఎవరైనా, తమరి లాంటి ప్యాసివ్ జాతికి ఎదుట ఎవరున్నారో అడిగే అలవాటు లేదు, తగిలించిన మరుక్షణం పోసేస్తారు, రేడియో తట్టుకోకపోతే పొగే. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం వాళ్ళు కాస్త మర్యాదస్తులు, అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తు ఉందా లేదా అని చూసి మరీ కరెంటు ఇస్తారు, అంతేకాదు ఇటు 15.4 వాట్లు పంపితే అటు 12.95 మాత్రమే గ్యారంటీ అని దారి ఖర్చు కూడా ముందే రాసిపెట్టుకున్నారు. ఆ తర్వాతి ప్రమాణాల్లో, 2009లో 30 వాట్లకి 25.5, 2018లో 90కి 71.3. అంత పెద్ద పెద్దవాళ్ళే దారిలో పోయేది ఒప్పుకుంటుంటే తమరి లేబుల్ మీద ఆ ముక్క ఒక్కటి రాయడానికి చోటు లేకపోయింది.

ఇక ఆ కేబుల్ రాగిదైతేనే ఈ లెక్క. బాగా చవగ్గా వచ్చిందని పైన రాగి పూత లోపల అల్యూమినియం ఉన్న సీసీఏ తెచ్చారనుకోండి, పైన పటారం లోన లొటారం, రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 100 మీటర్లకి 13 ఓమ్‌లు అనుకుంటే 24 వోల్టుల మీద అవతలికి చేరగలిగిన గరిష్ఠం 11 వాట్లే, తమరు తలకిందులుగా తపస్సు చేసినా రేడియో అడిగే 12 వెళ్ళదు. అది ఫుల్ లోడ్‌కి వెళ్ళిన ప్రతిసారీ పడిపోతుంది. దీనికి మళ్ళీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తారు! తీగ కొస బ్లేడుతో కాస్త గీకి చూస్తే తెల్లగా బయటపడుతుంది, అంత చిన్న పని.

తమరి నివాసం గురించి కూడా నాలుగు మాటలు. వాన చుక్క రాకూడదని రబ్బరు సీలు పెట్టి బిగించిన అవుట్‌డోర్ పెట్టె, చుక్క లోపలికి రాదు, వేడి బయటికీ పోదు. అందులో తమరు, తమరి పక్కన చిన్న స్విచ్, ఆ పైన బ్యాటరీ ఛార్జర్, అందరూ ఒకరి వీపు ఒకరికి ఆనించి, మిగిలిన కేబుల్ చుట్ట చుట్టి టై వేసి తమరి మీదే పెట్టారు. తమరి కాగితాల్లో 0 నుంచి 40 డిగ్రీలు అని ఉంటే ఫోన్లో వాతావరణం చూసి 36 ఉంది కదా పర్లేదు అంటున్నారు. ఆ 40 తమరి చుట్టూ ఉన్న గాలికి సార్, అంటే పెట్టె లోపలి గాలికి, ఎండలో మూసిన పెట్టె లోపల బయటికన్నా ఎంత ఎక్కువుంటుందో మూత తీసినవాడి మొహానికి తెలుస్తుంది. కొలుద్దామని ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చి కేబుల్ కొసనుండే ఆర్‌జే45 కనెక్టర్ నిగనిగలాడే లోహపు తొడుగు మీద కొట్టి "చల్లగానే ఉంది" అనేవాళ్ళు ఇంకో రకం, మెరిసే లోహం మీద ఆ గన్ అబద్ధం చెప్తుంది, చిన్న నల్ల టేప్ ముక్క అతికించి దాని మీద కొట్టాలి. అలా కొడితే ఆ కనెక్టర్ ఒక్కటే తమరికన్నా వేడిగా కనిపించవచ్చు, కరెంటు ఉండగానే పీకడం పెట్టడం చేస్తే నిప్పురవ్వలకి ఆ బంగారు పూత పిన్నులు గుంటలు పడి నల్లబడతాయి, అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, అక్కడే కాలుతుంది. ఆ కొస కోసేసి కొత్త కనెక్టర్ క్రింప్ చెయ్యడమే, అంటే నొక్కి బిగించడమే.

చివరికి తమర్ని విప్పి చూశాం. క్షమించాలి, అనుమతి తీసుకోలేదు. రెండు కెపాసిటర్ల నెత్తి మీద ఉండే గీతలు పైకి ఉబ్బి, ఒకదాని అడుగున గోధుమరంగు జిగురు లాంటిది కారి ఎండిపోయి ఉంది. వాటి మీద 105 డిగ్రీలు అని ఎంత ధీమాగా రాసున్నా, ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగం అనేది ఎలక్ట్రానిక్స్ వాళ్ళందరూ వాడే మోటు లెక్క. అవి ఎండిపోతున్నకొద్దీ తమరి డీసీ కరెంటులో అలలు, అంటే హెచ్చుతగ్గులు, పెరుగుతాయి, ఆ అలలకి అవే ఇంకా వేడెక్కుతాయి. ఇంత లోపల పెట్టుకుని కూడా ప్లగ్గు పెట్టగానే పచ్చ లైటు వెలిగించారు చూడండి, ఆ మేకపోతు గాంభీర్యానికి మాత్రం దండం.

కాబట్టి తమర్ని ఉద్యోగంలోంచి తీసేశాం. రేడియో లేబుల్ 48 వోల్టులు ఒప్పుకుంటుందని చూసుకుని కొత్తాయన్ని పెట్టాం, కేబుల్ వాటా కలుపుకుని పైన ఇంకో మూడో వంతు చేతిలో ఉంచుకునేంత వాట్లతో. నివాసం గది లోపలికి మార్చాం, పక్కవాళ్ళకి దూరంగా, చుట్టూ గాలి ఆడేలా. తమర్ని ఈ-వేస్ట్ డబ్బాలో వేసే ముందు ప్లగ్గు తీగ కట్టర్‌తో మొదలంటా కత్తిరించాం, కోపంతో కాదు, అలాగే వదిలేస్తే ఎవడో ఒకడు ప్లగ్గులో పెట్టి చూసి "లైట్ వస్తోందిగా, దీనికేమైంది" అని తీసుకెళ్ళి ఇంకో మాస్ట్ కింద కూర్చోబెడతాడు.

ఇట్లు,
రేడియో తరఫు వకీలు

తా.క.: ఈ లేఖ కాపీ ఒకటి తమరి అన్నగారు, 8 పోర్టుల పీఓఈ స్విచ్ గారికి కూడా పంపుతున్నాం. పోర్టుకి 30 వాట్లు అని పెట్టె మీద పెద్దక్షరాలు, మొత్తం కలిపి 120 మాత్రమే అని వెనకాల చీమ తలకాయంత అక్షరాలు, నాలుగు పోర్టులు ఫుల్లుగా లాగితే ఐదోవాడికి గుండు సున్నా. ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం గానీ ఆయన ఫ్యాన్ దుమ్ము పట్టి తిరగడం మానేసింది, ముందు అది చూసుకోమనండి.