హైడ్రోసయనిక్ ఆమ్లం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హైడ్రోసయనిక్ ఆమ్లం గారికి,

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంటర్ కెమిస్ట్రీ మాస్టారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. సయనైడ్ విషాల కుటుంబ పెద్దలైన మీరు అక్కడే, మూత బిగించిన సీసాలోనే, క్షేమంగా ఉండగలరు.

మీ పేరు గురించి పిల్లలకు జవాబు చెప్పలేక చస్తున్నాను. సయనోజన్ అని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గేలుసాక్ గ్రీకులో నీలం అనే మాట తెచ్చి మీ వంశానికి తగిలించాడు. తీరా చూస్తే మీకు రంగే లేదు! ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు. మీ దగ్గర చేదు బాదం వాసనట, అదీ అందరి ముక్కుకూ అందదట. రూఢి చేసుకునే ఉత్సాహం నాకు లేదు.

అసలు గొడవంతా 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో మొదలైంది. రంగులు చేసే డీస్‌బాఖ్ ఎరుపు చేయబోతూ, డిప్పెల్ అనే రసవాది దగ్గర పొటాష్ అనే క్షారం తెచ్చుకున్నాడు. అందులో జంతువుల రక్తంతో తీసిన నూనె కలిసి ఉంది. ఎరుపు రాలేదు, చిక్కటి నీలం వచ్చింది. మా ఊళ్లో కల్తీ అల్లంవెల్లుల్లి పేస్టు దొరికితే కేసు పెడతారు. అక్కడ ప్రష్యన్ బ్లూ అని ఏకంగా ప్రష్యా దేశం పేరు పెట్టారు.

ఆ నీలంలోంచి 1782లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే మిమ్మల్ని బయటికి లాగాడు. అలా ప్రసిక్ యాసిడ్ అయ్యారు. ప్రష్యా 1947లో రద్దయినా మీరు ఆ పేరు వదల్లేదు. లక్డీ కనబడని లక్డీకాపూల్‌లో బస్సు దిగేవాళ్లం కాబట్టి దీన్ని క్షమించేస్తున్నాం.

కానీ 'ఆమ్లం' బిరుదు సంగతేమిటి? ఆమ్లమన్నాక ఆక్సిజన్ ఉండాలన్నాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెవోజియే. మీలో అది లేదని 1787లో ఆయన దేశంవాడే బెర్తొలే తేల్చాడు. అంతటి సిద్ధాంతాన్ని ముంచిన మీరు గోలీసోడాలోని కార్బానిక్ ఆమ్లం కంటే బలహీనులు! మీరు చంపేది పులుపుతో కాదు, కణాలను ఆక్సిజన్ వాడుకోనివ్వకుండా. మీకు లేనిది ఇంకొకరికి ఉండకూడదనా?

మీరు మరిగేది 26 డిగ్రీలకు. మే నెలలో మా ఊరొస్తే పొయ్యి కూడా అక్కర్లేదు. దయచేసి రాకండి.

ఇక మీ చుట్టాలు సయనిక్, ఫుల్మినిక్ ఆమ్లాలు. ఇద్దరిలోనూ అవే పరమాణువులు, అదే లెక్క, అమరికే వేరు. ఫుల్మినిక్ గారి వెండి లవణం పేలుతుంది, సయనిక్ గారిది పేలదు. 1820ల్లో పేలేదాన్ని పరీక్షించిన లీబిగ్, పేలనిదాన్ని పరీక్షించిన వోలర్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తల లెక్కలు ఒకటే రావడంతో నీది తప్పంటే నీది తప్పన్నారు. చివరికి ఇద్దరిదీ రైటే అయింది, స్నేహితులూ అయ్యారు. మా పిల్లలు మాత్రం ఆ రెంటినీ తారుమారుగా రాసి రీకౌంటింగ్‌కు అప్లై చేస్తున్నారు. ఆ ఫీజు మీలో ఎవరు కడతారో తెలుపగలరు.

ఇట్లు,
మీ పాఠం చెప్పక తప్పని మాస్టారు