వంటింటికి ప్రత్యేక హోదా

రాజధాని ఎక్కడ అన్న చర్చ తెలుగువాళ్ళకి కొత్త కాదు. ఇంట్లో మాత్రం ఆ చర్చకి ఏనాడూ తావు లేదు. రాజధాని హాలే. టీవీ హాల్లో, సోఫా హాల్లో, సౌండ్‌బార్ హాల్లో, ఇన్వర్టర్ పాయింట్ హాల్లో. వంటింటికి దక్కిన సంగీతం కుక్కర్ విజిల్, పూజగదికి గంట, పడకగదికి ఫ్యాను కిరకిర. ఈ ప్రాంతీయ అసమానతలు రూపుమాపడానికి గదికో వైర్‌లెస్ స్పీకర్ పెట్టి, పాటని గడప గడపకీ చేరుస్తామని ఈ మధ్య ప్రతి ఇంటాయనా హామీ ఇస్తున్నాడు. శంకుస్థాపన ఘనంగానే జరుగుతుంది. ఆ తర్వాతి సంగతులకే ఈ శ్వేతపత్రం.

తొలి విడతలో అందరూ కొనేది బ్లూటూత్ స్పీకర్. బ్లూటూత్ అంటే ఫోను చేతిలో ఉన్న పలుపుతాడు. పది మీటర్లు, మధ్యలో గోడ ఉంటే ఇంకా తక్కువ, అంతకంటే దూరం పోతే పాటకి నత్తి వస్తుంది. ఇంటాయన ఫోను జేబులో వేసుకుని కూరగాయలకి వెళ్తే పాట కూడా ఆయన వెంటే సంతకి పోతుంది. ఇక ఆలస్యం చూడండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది, ఏ స్పీకర్ ఎంత వెనకబడాలన్నది దాని ఇష్టం. గాల్లో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. కాబట్టి హాలుకీ వంటింటికీ 200 మిల్లీసెకన్ల తేడా వచ్చిందంటే, వంటింటి స్పీకర్‌ని 68 మీటర్ల అవతల, వీధి చివర రామాలయం మైకులో పెట్టినట్టు. ముప్పై నలభై మిల్లీసెకన్ల దాకా మన చెవి సర్దుకుపోతుంది. అది దాటితే ప్రతి పల్లవీ రెండుసార్లు.

వైఫై స్పీకర్ తీరు వేరు. గూగుల్ కాస్ట్, అలెక్సా లాంటి వాటిలో ఫోను పాటని మోయదు, ఫలానా పాట వాయించమని చీటీ పంపుతుంది, అంతే. నెట్‌లోకి వెళ్ళి పాట తెచ్చుకునేది స్పీకరే. (ఆపిల్ వాళ్ళ ఎయిర్‌ప్లేలో మాత్రం చాలావరకు ఫోనే కూలీ.) అన్ని గదుల్లో ఒకే పాట మోగేలా స్పీకర్లని గుంపు కట్టాక ఒక స్పీకర్ నాయకత్వం పుచ్చుకుని మిగతావాటికి గడియారం చూపిస్తుంది. అన్నీ పాటని కాసేపు బుగ్గన పెట్టుకుని ఒకేసారి వదుల్తాయి. ప్లే నొక్కాక వచ్చే ఒకటి రెండు సెకన్ల మౌనం అందుకే. చెడిపోయిందని మళ్ళీ మళ్ళీ నొక్కకండి.

పార్టీల సంగతి తేల్చుకోకుండా కొనడం మరో తప్పు. హాల్లో పండగ సేల్లో కొన్న ఎకో (అమెజాన్ వాళ్ళ అలెక్సా పెట్టె), పడకగదిలో ఎవరో పెళ్ళిరోజుకి ఇచ్చిన గూగుల్ నెస్ట్ మినీ, కోడలి గదిలో ఆపిల్ హోమ్‌పాడ్. ఈ మూడింటి మధ్యా సీట్ల సర్దుబాటు కుదరదు. దేని గుంపు దానిదే. ఎకోకి బ్లూటూత్‌తో కట్టిన పాత స్పీకర్ని కూడా అలెక్సా తన గుంపు పాటలో కలుపుకోదు. డబ్బా మీద ముందు చూడాల్సింది వాట్లు కాదు, జెండా.

అసలు కథ రౌటర్ దగ్గరుంది. మన ఇళ్ళలో రౌటర్ ఎక్కడుండాలో నిర్ణయించేది ఫైబర్ లాగడానికొచ్చిన కుర్రాడి నిచ్చెన పొడవు. తీగ ఏ కిటికీలోంచి దిగితే అక్కడే దాని కాపురం: టీవీ వెనకాల, చెప్పుల స్టాండు మీద, లేదంటే అటక మీద ఇత్తడి బిందెల మధ్య. బిందె, బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, ఇవన్నీ వైఫైకి చెక్‌పోస్టులు. రౌటర్ వదిలే రెండు రకాల తరంగాల్లో, తొమ్మిదంగుళాల ఇటుక గోడని 2.4 గిగాహెర్ట్జ్ తరంగం వగరుస్తూనైనా దాటుతుంది, 5 గిగాహెర్ట్జ్ గడప దగ్గరే కూలబడుతుంది. మధ్యలో ఇనుప చువ్వల స్లాబు అడ్డొస్తే మేడ మీది గది ఏ తరంగం మీదా పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. స్పీకర్ కొనేముందు ఫోన్లో ఉచితంగా దొరికే వైఫై అనలైజర్ యాప్ ఒకటి వేసుకుని, స్పీకర్ పెట్టబోయే చోట, అదే ఎత్తులో, గది తలుపు వేసి చూడండి. మైనస్ 60, 65 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు) చూపిస్తే శుభం. మైనస్ 75 చూపిస్తే ఆ గదిలో వినిపించేది పాట కాదు, పాట తాలూకు జ్ఞాపకం.

జలవివాదం ఒకటుంది. 2.4లో రౌటర్లు వాడుకునే దారుల్ని చానళ్ళంటారు, వాటిలో ఒకదాని మీద ఒకటి పడనివి మూడే: 1, 6, 11. కృష్ణా నీళ్ళకి బచావత్ ట్రిబ్యునల్ కూర్చుని, ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలని లెక్క తేల్చింది. నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో మూడు చానళ్ళు పంచడానికి ఏ ట్రిబ్యునలూ లేదు. ఎగువన ఐదో అంతస్తువాళ్ళు చానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్‌కి పెంచి ఎత్తిపోతలు మొదలెడితే కింద వాటా ఎండిపోతుంది. మీరు మాత్రం రౌటర్ సెట్టింగుల్లో వెడల్పు 20 దగ్గరే ఉంచి, ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నది చూసుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 మధ్య చానల్ పెట్టుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పొత్తులో ఉన్న చానళ్ళు, కొన్ని స్పీకర్లకి అవి కనపడవు. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.4 పరిసరాల్లోనే. అన్నం వేడెక్కినంతసేపూ పక్కనున్న స్పీకర్ తడబడితే అది వాస్తుదోషం కాదు.

వంటింటికి సిగ్నల్ రావట్లేదని అటక మీది పాత రౌటర్ దించి తగిలిస్తారు చూడండి, సగం ఇళ్ళలో కొంప ముంచేది అదే. తీగని వాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉన్న రంధ్రంలో) గుచ్చగానే అది సొంతంగా చిరునామాలు పంచుతూ స్వాతంత్ర్యం ప్రకటించుకుంటుంది. హాల్లో ఫోనుది 192.168.1 వరస, వంటింటి స్పీకర్ది 192.168.0 వరస. ఇద్దరికీ నెట్ వస్తుంది, ఒకరికొకరు మాత్రం కనపడరు. స్పీకర్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్తే అక్కడ శుభ్రంగా పాడుతుంది. విరుగుడు చిన్నదే. పాత రౌటర్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే చిరునామాలు పంచకుండా సిగ్నల్ మాత్రమే ఇచ్చే పద్ధతిలో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే అందులో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపి, చిరునామా 192.168.1.2 లాంటిది ఇచ్చి (పెద్ద రౌటర్ 192.168.1.1 అయితే), తీగని లాన్ (ఇంటి లోపలి తీగల రంధ్రం) నుంచి లాన్‌కే వేయండి. స్పీకర్లని అతిథుల వైఫైలో పెట్టడం కూడా ఇలాంటి పాపమే. అతిథులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్నదే ఆ నెట్‌వర్క్ ఆచారం.

మెష్ (ఇల్లంతా వైఫై పరిచే పెట్టెల జత) కొంటే దాని రెండో పెట్టెని సిగ్నల్ లేని గదిలో కాక, సగం దారిలో పెట్టాలి. నీళ్ళు లేని బావిలో మోటారు దింపితే ఏం తోడుతుంది? వీలుంటే ఆ రెండు పెట్టెల మధ్యా క్యాట్6 అనే నెట్‌వర్క్ తీగ లాగండి. కొట్టులో చవగ్గా దొరికేది సీసీఏ, అంటే అల్యూమినియానికి రాగి పూత. పూర్తి రాగి తీగే అడిగి తీసుకోండి. అవును, వైర్‌లెస్ సంగీతానికి అన్నిటికన్నా నమ్మకమైన సాధనం వైరే. ఈ విషయం ప్రకటనల్లో ఎవరూ చెప్పరు, ఎలా చెబుతారు?

పాట ఆగినప్పుడల్లా నెట్ ప్లాన్ పెంచుకునే దేశభక్తులకి ఒక లెక్క. 320 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) పాటకి గంటకి ఖర్చయ్యేది 144 ఎంబీ. సీడీ నాణ్యత 1,411 కేబీపీఎస్. ఐదు గదుల్లో ఐదు వేర్వేరు సీడీలు మోగినా మొత్తం 7 ఎంబీపీఎస్ పైచిలుకే. ఆపైన కొన్నదంతా గోడకి అవతలే నిలబడి ఉంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు స్పీకర్లు అర నిమిషంలో లేచి కూర్చుంటాయి. ఫైబర్ పెట్టె, రౌటర్ తేరుకునేసరికి రెండు మూడు నిమిషాలు. ఈలోగా కొన్ని స్పీకర్లు వెతికి వెతికి అలుగుతాయి. ఆ రెండు పెట్టెలకీ చిన్న డీసీ యూపీఎస్ (బ్యాటరీ పెట్టె) పెట్టండి, అడాప్టర్ మీద 12 వోల్టులా కాదా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసి మరీ కొనండి. రౌటర్లో ఒక్కో స్పీకర్‌కి ఒక్కో చిరునామా రిజర్వ్ చేయండి, రిజర్వేషన్ల మీద ఈ ఒక్కచోటే ఎవరూ కోర్టుకి వెళ్ళరు. గుంపుకి నాయకుడిగా ఉన్న స్పీకర్ ఇన్వర్టర్ లేని ప్లగ్గులో ఉంటే, అది పోగానే ఇన్వర్టర్ మీద బతికున్నవి కూడా నోరు మూసుకుంటాయి. కాబట్టి పాట మొదలుపెట్టిన స్పీకరే నాయకుడయ్యే రకమైతే, ఎప్పుడూ హాలు స్పీకర్ మీదే మొదలుపెట్టి, మిగతా గదుల్ని తర్వాత కలుపుకోండి. అధికారం మళ్ళీ హాలుకే పోయిందని గమనించగలరు.

అన్ని గదుల వాల్యూమ్ ఒక్క మీటతో పెంచే హక్కు ఎవరిదన్నది అత్తాకోడళ్ళ తగువులా కనిపించవచ్చు. అమెరికాలో అది పేటెంట్ వ్యాజ్యం. స్పీకర్లు చేసే సోనోస్ కంపెనీ 2020లో గూగుల్ మీద కేసు వేసింది. 2022 జనవరిలో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ సోనోస్ పక్షాన తీర్పిచ్చింది. దాంతో గుంపు వాల్యూమ్ ఒకేసారి మార్చే సౌకర్యాన్ని గూగుల్ తన స్పీకర్లలో తీసేసి, ఒక్కోదాన్నీ విడిగా తిప్పుకోమంది. 2023 అక్టోబరులో మరో కోర్టు తీర్పు అనుకూలంగా వచ్చాక, ఈ తగువులో తీసేసిన సౌకర్యాల్లో కొన్నిటిని తిరిగి ఇచ్చింది. డబ్బు పెట్టి కొన్న పెట్టెలో ఒక మీట పోవడం, రావడం మన చేతుల్లో లేదన్నమాట. అదే సోనోస్ 2024 మే నెలలో కొత్త యాప్ తెస్తే అందులో స్లీప్ టైమర్ కూడా లేదు. కొనుగోలుదారులు గగ్గోలు పెట్టారు, 2025 జనవరిలో సీఈఓ దిగిపోయాడు. ఒక స్లీప్ టైమర్‌కి అంత శక్తి ఉంటుందని ఎవరనుకున్నారు?

ఇక ఖాతా. ఇంట్లో నాలుగు గదులు, డాలస్‌లో అబ్బాయి, బెంగళూరులో అమ్మాయి, అందరికీ కలిపి ఒక్క పాటల ఖాతా. ఒకరి కోసం తీసుకున్న స్పాటిఫై ప్లాన్‌లో ఒకసారికి ఒకచోటే పాట. అమ్మాయి క్యాబ్ ఎక్కి ప్లే నొక్కగానే పూజగదిలో సహస్రనామం ఠక్కున ఆగుతుంది. ఉల్టా కూడా జరుగుతుంది: ఒకసారి ఆ ఖాతా ఎక్కించిన స్పీకర్ డాలస్‌లోని ఫోన్లో కూడా కనిపిస్తుంది. అక్కడ సాయంత్రం జిమ్‌లో అబ్బాయి వేలు ఒక వరస కిందికి జారితే, ఇక్కడ తెల్లవారుజామున పూజగదిలో ర్యాప్. ఫ్యామిలీ ప్లాన్ ఒక్క చిరునామాలో కాపురముండేవాళ్ళకే అన్నది నిబంధన, అబ్బాయికి అమెరికాలో వేరే ఖాతా తప్పదు. డబ్బు కట్టని ఖాతా పెట్టుకుంటే రెండు స్తోత్రాల మధ్య ప్రకటనలొస్తాయి, ఫలశ్రుతి స్థానంలో పర్సనల్ లోన్.

చివరగా వంటింటి హోదా. స్పీకర్ని పొయ్యికి ఒకటిన్నర మీటర్ల దూరంలో, తాలింపు ఆవిరి తగలని గోడకి, గట్టుకి కాస్త ఎత్తున పెట్టాలి. నూనె జిడ్డు దాని ముందు గుడ్డకి పట్టిందంటే మొదట పోయేది సన్నటి పైస్థాయి స్వరాలే. ఇన్ని చేశాక, సిగ్నల్ మైనస్ 58 చూపిస్తున్న శుభముహూర్తాన, ఇల్లాలు 750 వాట్ల మిక్సీ ఆన్ చేస్తుంది. రెండంగుళాల స్పీకర్ ఆ పోటీలో లేదు. ‘కాస్త సౌండు పెంచండీ’ అని వంటింట్లోంచి కేక. ఇంటాయన గుంపు వాల్యూమ్ పెంచుతాడు. పూజగదిలో అత్తగారు ఉలిక్కిపడి హారతి పళ్ళెం దించుతారు. దీని మీద కమిటీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. చట్నీ అయ్యేదాకా విచారణ వాయిదా.