అమ్మాయిని ఆటలో పెడితే సీఈఓ అయిపోతుందా?

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అడుగున కోచింగ్ అకాడమీ ఫోన్ నంబరు మారుతుంటుంది గానీ పైన సరుకు మాత్రం ఒకటే. "పెద్ద కంపెనీల్లో పైపదవుల్లో ఉన్న ఆడవాళ్లలో 94 శాతం మంది ఆటలాడినవాళ్లే. ఆట నాయకత్వం నేర్పుతుంది, కంపెనీలు అలాంటివాళ్ల కోసమే వెతుకుతాయి. ఏదీ కాకపోయినా స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంటు ఉద్యోగం గ్యారంటీ. పెళ్లీ పిల్లలూ అడ్డు కాదు, కోనేరు హంపిని చూడండి. ధైర్యం వస్తుంది, జీవితాంతం ఆరోగ్యం. ఆడపిల్ల మీద ఇంతకంటే మంచి పెట్టుబడి లేదు."

మంచి మాటే కదా, దీనిమీద విరుచుకుపడటం ఎందుకంటారేమో. నేనూ యూనివర్సిటీ దాకా బాల్ బ్యాడ్మింటన్ ఆడినదాన్నే. ఇప్పుడు ఇదే ఊళ్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిక్రూట్‌మెంట్ చూస్తున్నాను. ఆడపిల్లలు ఆడాలన్న కోరిక నాకు తక్కువేం కాదు. కానీ ఈ మెసేజ్ చూసి పిల్లని కోర్టుకి తీసుకొచ్చినవాళ్లే, కొన్నేళ్లకి అదే లెక్క వేసుకుని వెనక్కి తీసుకెళ్లిపోతున్నారు. అందుకని ఒక్కో మాటా విప్పి చూడాల్సిందే.

ముందు ఆ 94. ఇది గాల్లోంచి పుట్టిన అంకె కాదు. 2014లో ఈవై అనే కన్సల్టింగ్ సంస్థ, మహిళల ఆటల మీద నడిచే మీడియా సంస్థ ఈఎస్‌పీఎన్‌డబ్ల్యూ కలిసి 400 మంది మహిళా మేనేజర్లని అడిగిన సర్వేలోది. సీఈఓ, సీఎఫ్‌ఓ స్థాయిలో ఉన్నవాళ్లలో 94 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఆట ఆడామన్నారు. అంతే. అడిగింది పైకెక్కినవాళ్లని. ఆడినవాళ్లందర్నీ పోగుచేసి మీలో ఎంతమంది పైకెక్కారని ఎవరూ అడగలేదు. గుంటూరు నుంచి ఐఏఎస్ అయినవాళ్లని అడిగితే అందరూ చిన్నప్పుడు ఆవకాయ తిన్నామనే చెప్తారు; అంతమాత్రాన జాడీ ఖాళీ చేసినవాళ్లందరికీ కలెక్టరు ఉద్యోగం రాదు.

అదే సర్వేలో ఇంకొంచెం పనికొచ్చే అంకె ఉంది, దాన్నెవరూ ఫార్వర్డ్ చేయరు. యూనివర్సిటీ స్థాయిలో ఆడినవాళ్లు పైపదవుల్లో 52 శాతం, వాళ్ల కింద ఉన్న మేనేజర్లలో 39 శాతం. తేడా ఉంది, కాదనను. అది ఆట తెచ్చిన తేడానా, ఆడనిచ్చిన ఇల్లు తెచ్చిన తేడానా? కూతురు చీకటిపడ్డాక చెమటలు కక్కుతూ ఇంటికొస్తే ఏమీ అనని తల్లిదండ్రులు, ఆ పిల్లని వేరే ఊరికి ఎంబీఏకి పంపడానికీ వెనకాడరు. మన పేరున్నవాళ్లనే తీసుకోండి. పి.వి.సింధు తల్లీ తండ్రీ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. చదరంగం క్రీడాకారిణి హంపి తండ్రి అశోక్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి కూతురికి కోచ్ అయ్యారు. ఆ ఇళ్లల్లో చదరంగం బల్లా, నెట్టూ లేకపోయినా ఆ పిల్లలు వెనకబడి ఉండేవాళ్లు కాదని నా అనుమానం.

ఇంటి ప్రభావాన్ని పక్కనపెట్టి ఆట ఒక్కదాని ప్రభావం ఎంతో చూడటం కష్టం. ఒకరు చూశారు. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదన్నది దాని సారం. ఆ ముందటేడు హైస్కూల్ జట్లలో అబ్బాయిలు 36 లక్షల పైచిలుకు, అమ్మాయిలు మూడు లక్షలు కూడా లేరు. 1978 నాటికి అమ్మాయిలు 20 లక్షలు దాటారు. అంతకుముందు అబ్బాయిల జట్లు ఎక్కువున్న రాష్ట్రాలు అమ్మాయిలకీ ఎక్కువ జట్లు పెట్టాల్సి వచ్చింది, తక్కువున్నవి తక్కువతో సరిపెట్టుకున్నాయి. బెట్సీ స్టీవెన్సన్ అనే ఆర్థికవేత్త రాష్ట్రానికీ రాష్ట్రానికీ ఉన్న ఈ తేడానే పట్టుకుని లెక్కకట్టి 2010లో ప్రచురించారు. ఒక రాష్ట్రంలో ఆటలాడే అమ్మాయిల వాటా పది శాతం పాయింట్లు పెరిగితే, కాలేజీకి వెళ్లే అమ్మాయిల వాటా ఒక పాయింటు, ఉద్యోగాల్లో ఉండేవాళ్ల వాటా ఒకటీ రెండు పాయింట్లు పెరిగాయి.

ఒక్క పాయింటు! వాట్సాప్‌లో దీన్నెవరు పంపుతారు? నాకు మాత్రం ఆ 94 కంటే ఈ ఒకటి మీదే గౌరవం. ఎందుకంటే ఇక్కడ అమ్మాయి చేతికి బంతి ఇచ్చింది డబ్బున్న ఇల్లు కాదు, స్కూలు. బెంగళూరులో మన పిల్లలు చదివే స్కూళ్లలో చాలావాటికి గ్రౌండంటే పొద్దున ప్రేయర్‌కి నిలబడే సిమెంటు జాగా. ఆట అక్కణ్నుంచి లేచి, గంటకింతని అద్దెకిచ్చే సింథటిక్ కోర్టుకి పోయింది. అక్కడ ఆడేది ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలే. వాళ్లు రేపు మంచి ఉద్యోగాల్లో కనిపిస్తే ఆ ఘనత రాకెట్‌ది ఎలా అవుతుంది?

కంపెనీలు ఆటగాళ్ల కోసం వెతుకుతాయన్న మాట. నేను చేసే పనే అది కాబట్టి చెప్తున్నాను, క్యాంపస్ సెలక్షన్లలో అలా వెతకడం నేను చూడలేదు. ఫారంలో టెన్త్ మార్కులు, ఇంటర్ మార్కులు, బీటెక్ మార్కులు, బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) ఎన్ని అని ఉంటుంది. అరవై శాతానికి తగ్గినా, బ్యాక్‌లాగ్ ఉన్నా సిస్టమే పక్కకి తోసేస్తుంది, మనిషి కంటికి చేరదు. ఒకసారి తెలిసినవాళ్ల ద్వారా ఒక రెజ్యూమే నా దగ్గరికి నేరుగా వచ్చింది. కింద చివరి వరుసలో, పాటలు వినడం, వంట చేయడం తర్వాత, "కబడ్డీ, ఇంటర్ యూనివర్సిటీ" అని చిన్న అక్షరాలతో ఉంది. రెండు బ్యాక్‌లాగ్స్. ఫోన్ చేస్తే చెప్పింది: కోచింగ్ క్యాంపూ సెమిస్టర్ పరీక్షలూ ఒకేసారి వచ్చాయట, అటెండెన్స్ కూడా తగ్గి కండోనేషన్ ఫీజు కట్టిందట. అంటే ఆ పిల్ల విషయంలో ఆట ఉద్యోగానికి తోడ్పడకపోగా ఎదురే వచ్చింది.

ఒక మంచి మాటా చెప్పాలి. ఇంటర్వ్యూ గది దాకా రాగలిగిన ఆటగత్తెలకి ఒక లక్షణం ఉంటుంది. ఓడిపోయిన సంగతి మామూలుగా చెప్తారు. ఎక్కడ పోయింది, తర్వాత ఏం మార్చుకున్నారు, అంతే. ఏడుపూ ఉండదు, కప్పిపుచ్చడమూ ఉండదు. మా మేనేజర్లకి అది నచ్చుతుంది. కానీ ఆ గది తలుపు తీసేది మార్కులే.

ఇక స్పోర్ట్స్ కోటా. మెసేజ్ మొత్తంలో నిజానికి దగ్గరగా ఉన్నది ఇదే, అందుకే ఎక్కువ మోసం చేసేదీ ఇదే. మన దేశంలో ఆట ఆడవాళ్ల జీవితాన్ని మార్చిందంటే అది కార్పొరేట్ బోర్డు రూముల్లో కాదు, ప్రభుత్వ ఉద్యోగంలో. మిథాలీ రాజ్‌ది రైల్వే. కరణం మల్లీశ్వరిది ఫుడ్ కార్పొరేషన్. హంపిది ఓఎన్‌జీసీ. ఇప్పుడు మన ఊళ్లోనే అకాడమీ నడుపుతున్న లాంగ్‌జంపర్ అంజూ బాబీ జార్జ్‌ది చెన్నై కస్టమ్స్. మామూలు ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి నెల జీతం, క్వార్టర్సు, పెళ్లిచూపుల్లో తనూ ఒక మాట చెప్పగలిగే చోటు. ఇది చిన్న విషయం కాదు.

కాకపోతే గ్యారంటీ అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చింది? నాకు తెలిసిన ఒక పిన్నిగారు కూతురి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకొచ్చి చూపించారు. లామినేషన్ చేయించిన కాగితాలు ఇంత మందాన ఉన్నాయి. ఇంటర్ స్కూల్, జిల్లా స్థాయి, ఎవరో నాయకుడి పుట్టినరోజు టోర్నమెంట్. కేంద్ర ప్రభుత్వ కోటాకి కావాల్సినవి ముఖ్యంగా నాలుగు రకాలు: దేశం తరఫున ఆడితే ఫారం-1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. ఆ ఫైల్లో ఈ నాలుగింటిలో ఏదీ లేదు. పైగా రైల్వే కోటాలో చూసేది ఈ ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు సంవత్సరాల ఆట. ఇంటర్‌లో రాష్ట్రానికి ఆడి, మోకాలు దెబ్బతిని, డిగ్రీ అయ్యాక దరఖాస్తు పెడితే ఆ పాత కాగితానికి విలువ ఉండదు. ట్రయల్స్‌లో మళ్లీ ఆడి చూపించాలి. ఇవన్నీ అకాడమీ వాళ్లకి తెలుసు. మెసేజ్‌లో రాయరు.

పతకం ఉన్నా గ్యారంటీ లేదనడానికి తమిళనాడు అథ్లెట్ శాంతి సౌందరరాజన్‌ని గుర్తు చేసుకుంటే చాలు. 2006 దోహా ఏషియాడ్‌లో 800 మీటర్ల రజతం గెలిచారు. లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో ఆ పతకం లాగేసుకున్నారు. తర్వాత ఇటుక బట్టీలో కూలిపని చేసిన రోజులున్నాయి. తమిళనాడు క్రీడా ప్రాధికార సంస్థలో కోచ్‌గా కుదురుకునేసరికి చాలా ఏళ్లు పట్టింది.

పెళ్లీ పిల్లలూ అడ్డు కాదట. హంపి 2017లో తల్లయ్యారు, 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యారు. ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై పక్కన మహాబలిపురంలో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో నిండు నెలలతో కూర్చుని ఆడారు. జట్టుకి కాంస్యం వచ్చింది. విశాఖ అమ్మాయి స్నేహ దీప్తి బిడ్డ పుట్టాక మహిళల క్రికెట్ లీగ్ డబ్ల్యూపీఎల్‌లోకి వచ్చారు. ముగ్గురికీ చేతులెత్తి దండం పెట్టాలి. కానీ వీళ్ల పేర్లు మనకి ఎందుకు నోటికొస్తున్నాయి? అరుదు కాబట్టి. హంపి పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. బిడ్డ పుట్టేనాటికి ఉద్యోగం, పేరు, వెనక నిలబడే కుటుంబం అన్నీ ఉన్నాయి. నాతో ఆడినవాళ్లలో పెళ్లయ్యాక రాకెట్ పట్టుకున్నవాళ్లు నాకు తెలిసి లేరు. ఎవరి అత్తగారూ వద్దనలేదు. సాయంత్రం ఆరింటికి గంటసేపు పిల్లని ఎవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు దొరకలేదు, అంతే.

ధైర్యం గురించి ఒక్క మాట చాలు. 2023 జనవరిలో ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న మల్లయోధురాళ్లకి ధైర్యం తక్కువై కూర్చోలేదు. ఒలింపిక్ పతకం ఉన్న అమ్మాయి కూడా లైంగిక వేధింపుల ఫిర్యాదు వినమని రోడ్డెక్కాల్సి వచ్చింది. అకాడమీలో ఆడ కోచ్ ఉందా, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి అని అడగండి. ఎంతమంది తడుముకుంటారో చూడండి.

ఆరోగ్యం సంగతి సగం నిజం. టీనేజ్‌లో గెంతులూ పరుగులూ ఎముకల్ని గట్టిపరుస్తాయి, ఆ వయసు దాటాక అంత లాభం ఉండదు. కానీ పోటీ ఆటకి ఖరీదుంది. గెంతి, చటుక్కున తిరిగే ఆటల్లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే స్నాయువు తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో చాలా ఎక్కువ, రెండు నుంచి ఎనిమిది రెట్లని చెప్తారు. బరువు తగ్గాలని తిండి మానేసి నెలసరి ఆగిపోతే, ఆ గట్టిపడాల్సిన ఎముకలే పెళుసవుతాయి. నెలసరి ఆగితే బాగా ప్రాక్టీస్ చేస్తోందని మురిసిపోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

చివరిది, పెట్టుబడి లెక్క. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదేనని నా అభిప్రాయం. ఆరో తరగతిలో అమ్మాయిని చేర్చినవాళ్లు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి లాభం చూస్తారు. రాష్ట్ర ర్యాంకింగ్ వచ్చిందా? రాలేదు. ఇప్పటిదాకా ఫీజులెంతయ్యాయి? అటుపక్క ఐఐటీ ఫౌండేషన్ వాళ్ల ఫోన్లు. "టెన్త్ అయ్యాక చూద్దాంలే అమ్మలూ" అంటారు. తర్వాత ఇంటర్ హాస్టలు. అబ్బాయి మాత్రం సెల్లార్‌లో టెన్నిస్ బాలుతో క్రికెట్ ఆడుతూనే ఉంటాడు. వాడి ఆటకి ఎవరూ లెక్క రాయలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. మా దగ్గర్లోని ఒక అకాడమీని అడిగాను, టెన్త్ అమ్మాయిలకి వారానికి రెండు రోజులు, టోర్నమెంట్ల గొడవ లేకుండా ఒక బ్యాచ్ పెడతారా అని. అలాంటిది లేదన్నారు. చిన్నపిల్లల బ్యాచ్ ఉంది, టోర్నమెంట్ బ్యాచ్ ఉంది, మధ్యలో ఏమీ లేదు.

వచ్చే వేసవిలో ఆ మెసేజ్ మళ్లీ వస్తే అకాడమీ నంబరుకి ఫోన్ చేసే ముందు ఒకసారి పిల్ల స్కూలుకి ఫోన్ చేయండి. టైమ్‌టేబుల్‌లో పీటీ పీరియడ్ ఎప్పుడుంది, దాన్ని ఇప్పుడు ఏ లెక్కల మాస్టారు తీసుకుంటున్నారు, ఆ గంటలో టెన్త్ అమ్మాయిల చేతికి బంతి ఇవ్వడానికి స్కూలుకి ఏం అడ్డొస్తోంది అని అడగండి.