సుద్ద మచ్చ దశలోనే పంటిని పట్టుకోవాలి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర పళ్ళ డాక్టరు మా మేనకోడలి ముందుపన్ను మీద గాలి ఊది ఆరబెట్టారు. అప్పటిదాకా మాకెవరికీ కనిపించని మచ్చ ఒకటి చిగురు పక్కన తేలింది, పలక మీద సరిగ్గా చెరపని సుద్ద గీతలా. ఉమ్మితో తడిగా ఉంటే అది కంటికి ఆనదట. పన్ను పుచ్చడం మొదలయ్యేది అక్కడే.

ఎముక విరిగితే అతుక్కుంటుంది. పంటి పైపొర ఎనామిల్‌కి ఆ భాగ్యం లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఆ ఖనిజాన్ని పేర్చిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. ఇల్లు కట్టి మేస్త్రీలు వెళ్ళిపోయినట్టే, తర్వాత మరమ్మతుకి ఎవరూ ఉండరు. ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోయిన ఖనిజాన్ని కొంత పూడుస్తాయి కానీ, రోజంతా చాక్లెట్లు నములుతుంటే వాటికి సందు దొరకదు.

ఆ కణాలు అమెలోజెనిన్ అనే ప్రొటీన్ ఆసరాతో ఖనిజాన్ని పేరుస్తాయి. శాస్త్రవేత్తలు ఇప్పుడు ఆ పనినే అనుకరిస్తున్నారు. బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో పుట్టిన ఒక పెప్టైడ్ (ప్రొటీన్ తునక లాంటిది) మచ్చలోకి ఇంకి, తనంతట తానే దారాల్లా అల్లుకుంటుంది. ఖనిజం వచ్చి దాన్ని పట్టుకుని పేరుకుంటుంది. 2019లో చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్ళు 48 గంటల్లో ఎనామిల్ లాంటి పొరను పెంచారు, మందం రెండు మూడు మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). 2025లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ బృందం ఎనామిల్‌ని తిరిగి పెంచే, ఫ్లోరైడ్ లేని ప్రొటీన్ జెల్‌ని ప్రకటించింది.

ఇవి నాకు నిజంగా ఆశ కలిగిస్తున్నాయి. అయితే గుంట పడిపోయిన పన్నుని ఇవేవీ పూడ్చలేవు. మన దగ్గర పన్ను జివ్వుమన్నా లవంగం పెట్టుకుని ఊరుకుంటాం, నొప్పికి నిద్ర పట్టనప్పుడే డాక్టరు గుర్తొస్తాడు. మందసలోనో హిరమండలంలోనో ఉన్న పిల్లకి ఆ జెల్ రేపే అందినా, అప్పటికే గుంట పడి ఉంటే ఏం లాభం?

అందుకే జెల్ కన్నా ముందు చూసే కన్ను కావాలంటున్నాను. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో చేయాల్సిన పరీక్షల్లో పిప్పిపళ్ళు ఇప్పటికే ఉన్నాయి. నోరు తెరిపించి ఒక చూపు చూసి పంపేయకుండా, పంటిని దూదితో తుడిచి, టార్చి వేసి, ఆ తెల్ల మచ్చ కోసం వెతకాలి. దానికి విదేశీ జెల్ అక్కర్లేదు, ఒక్కో పిల్లకి ఇంకో రెండు నిమిషాలు చాలు.

మా పిల్లకి మచ్చ ముదరకుండా ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, మూడు నెలలకి మళ్ళీ తీసుకురమ్మన్నారు.