డకండి

మా అపార్ట్‌మెంటు ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ పెంచాలంటే దరఖాస్తుతో పాటు ప్రతి ఫ్లాటుదీ తాజా కరెంటు బిల్లు కాపీ జతచేయాలన్నారు కరెంటాఫీసు వాళ్ళు. ఫ్లాట్లు 62. అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎవరికీ వద్దంటేనే మన నెత్తిన పడింది కాబట్టి ఆ 62 కాగితాలూ మన పనే. చేత్తో చేస్తే ఒక్కో బిల్లుకి నిమిషంన్నర, మొత్తం గంటన్నర. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాడు గంటన్నర కూర్చుని క్లిక్కులు కొడతాడా? మూడు గంటలు కూర్చుని స్క్రిప్టు రాస్తాడు.

మనిషి బదులు బ్రౌజర్‌ని నడిపే సెలీనియం, క్రోమ్, అదే పనిని ప్రతి ఫ్లాటుకీ తిప్పితిప్పి చేయించే ఒక ఫర్ లూపు. కరెంటు సంస్థ పోర్టల్‌లో ఓటీపీ కొట్టి లాగిన్ అవడం చేత్తోనే. ఆ తర్వాత స్క్రిప్టుదే రాజ్యం. సర్వీసు నంబర్ల లిస్టు పేజీలో 'బిల్లు చూడు' నొక్కితే కొత్త టాబ్‌లో బిల్లు తెరుచుకుంటుంది. అందులో 'డౌన్‌లోడ్' నొక్కి, టాబ్ మూసి, లిస్టుకి తిరిగొచ్చి, తర్వాతి ఫ్లాటు. ఒక్క ఫ్లాటుకి నడిపి చూస్తే రెండు సెకన్లలో పీడీఎఫ్ ఫోల్డర్లో పడింది. ఆహా అనుకున్నాం.

ఇంతకీ సెలీనియం అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? 2004లో థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ దీన్ని మొదలుపెట్టినప్పుడు, సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఈ రంగంలో పెద్ద కంపెనీ పేరు మెర్క్యురీ. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడట, అందుకని ఆ పేరు. విరుగుడు మోతాదు మించితే ఏమవుతుందో మాత్రం మన అపార్ట్‌మెంటులో తేలాల్సి వచ్చింది.

ఇక్కడ పోర్టల్ వాళ్ళ గురించి ఒక మాట. బిల్లు కొత్త టాబ్‌లో ఎందుకు తెరుచుకోవాలి? అదే టాబ్‌లో తెరిస్తే ఎవరి సొమ్ము పోయింది? సరే, తెరిచారు. అది చాలక, 'బిల్లు చూడు' నొక్కిన మూడు సెకన్లకి లిస్టు పేజీ వెనకనుంచి ఇంకో చిన్న విండో విసురుతుంది: 'మీ అభిప్రాయం తెలపండి.' ఈ సంగతి మనకే కాదు, ఆ సైటు రోజూ వాడేవాళ్ళకి కూడా తెలియదు. ఎందుకంటే మామూలు క్రోమ్‌లో ఒక క్లిక్కుకి ఒక్క విండోకే అనుమతి. రెండోదాన్ని పాప్‌అప్ బ్లాకర్ గుమ్మంలోనే ఆపేసి అడ్రస్ బార్ చివర ఒక బుల్లి గుర్తు పెట్టి ఊరుకుంటుంది. ఆ గుర్తుని ఎవరు చూస్తారు? కానీ సెలీనియం ఆజ్ఞల్ని క్రోమ్‌కి చేరవేసే క్రోమ్‌డ్రైవర్ ద్వారా తెరిచిన క్రోమ్‌లో ఆ బ్లాకర్ ఉండదు. డ్రైవర్ తనంతట తానే 'పాప్‌అప్‌లు ఆపొద్దు' అని చెప్పి మరీ బ్రౌజర్‌ని లేపుతుంది. అంటే చేత్తో వెళ్తే ఒక సైటు, స్క్రిప్టుతో వెళ్తే ఇంకో సైటు. ఒక్క ఫ్లాటుతో పరీక్షించినప్పుడు ఎందుకు బయటపడలేదంటారా? రెండో సెకనుకే పని ముగించి బ్రౌజర్ మూసేశాం. అభిప్రాయం అడిగేవాడు మూడో సెకనుకి వచ్చేసరికి ఇల్లే లేదు.

లూపులో పెట్టాక కథ మారింది. మొదటి ఫ్లాటు బిల్లు రెండు సెకన్లలో వచ్చింది, టాబ్ మూసుకుంది, లిస్టుకొచ్చి రెండో ఫ్లాటు నొక్కింది. ఆ క్షణంలోనే మొదటి ఫ్లాటు తాలూకు అభిప్రాయం విండో ఊడిపడింది. మన స్క్రిప్టు కొత్త టాబ్‌ని ఎలా పట్టుకుంటుంది? తెరిచి ఉన్న ప్రతి టాబ్‌కీ, విండోకీ ఒక గుర్తింపు పేరు ఉంటుంది, దాన్ని హ్యాండిల్ అంటారు. ఆ విండో హ్యాండిల్స్ జాబితాలో మైనస్ ఒకటి, అంటే ఆఖరిది. ఆఖరున వచ్చింది బిల్లు కాదు, అభిప్రాయం. అసలు ఆ జాబితాకి వరస ఉంటుందని ఎవరూ మాటివ్వలేదు. బ్రౌజర్‌ని ఇలా బయటినుంచి నడిపే పద్ధతి పేరు వెబ్‌డ్రైవర్. 2018లో దాన్ని ప్రమాణంగా ప్రకటించిన, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ పత్రంలో హ్యాండిల్స్ ఏ వరసలోనైనా రావచ్చనే ఉంది. అయినా ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి ఉదాహరణలోనూ ఆ మైనస్ ఒకటే. మనమూ అదే అతికించాం.

సరే, అభిప్రాయం విండోలోకి వెళ్ళిన స్క్రిప్టు అక్కడ 'డౌన్‌లోడ్' బటన్ కోసం పది సెకన్లు కాచుకుంది. లేదు. టైమవుట్ అని అరిచింది. ఆ అరుపు బయటికి రాకుండా మనమే ముందుగా దాని నోట్లో గుడ్డలు కుక్కి ఉంచాం: ఎక్సెప్ట్, కోలన్, పాస్. ఏ తప్పు జరిగినా 'పోనీలే' అని ముందుకెళ్ళు అన్నమాట. అది పోనిచ్చి, చేతిలో ఉన్న విండో మూసి, బిల్లు టాబ్‌ని అనాథలా వదిలేసి, మూడో ఫ్లాటుకి వెళ్ళింది. మళ్ళీ అదే. బ్రౌజర్ కనపడకుండా నడిపే హెడ్‌లెస్ పద్ధతి 2017 నుంచీ క్రోమ్‌లో ఉంది, పెట్టుకోవచ్చుగా? పెట్టుకోలేదు. టాబులు వాటంతటవే తెరుచుకుంటుంటే కాఫీ కప్పు పట్టుకుని చూడటంలో ఒక సరదా ఉంది. ఆ సరదాయే కొంప ముంచింది.

పాప్‌అప్ వచ్చిన ప్రతిసారీ క్రోమ్ విండో అన్నిటికంటే ముందుకొచ్చి నిలబడుతుంది, కీబోర్డుని లాక్కుంటుంది. అప్పుడే పక్క విండోలో ఉన్న అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంట్ గారి మెసేజ్: "బాబూ, బిల్లులు ఎంతవరకు వచ్చాయి?"

జవాబు కొట్టడం మొదలుపెట్టాం: "వచ్చేస్తున్నాయి సార్, మీరేం కంగారు పడకండి."

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. మనది ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే కీబోర్డు. స్పేస్ కొట్టేదాకా మాటని అది తన గుప్పిట్లోనే ఉంచుకుంటుంది. విండో మారిపోతే మాత్రం అప్పటిదాకా అయిన ముక్కని ఉన్నచోటే వదిలేసి, మిగతాది కొత్తచోట మొదలుపెడుతుంది. కళ్ళేమో కీబోర్డు మీదున్నాయి, వేళ్ళు 'పడకండి' మధ్యలో ఉన్నాయి. సరిగ్గా 'ప' దగ్గర పాప్‌అప్ ఊడిపడింది. 'ప' వాట్సాప్‌లో ఉండిపోయింది. మిగతా మూడక్షరాలూ అభిప్రాయం పెట్టెలో పడ్డాయి, కర్సర్ ముందే అక్కడ సిద్ధంగా నిలబడి ఉంది కదా. డకండి. స్పేస్. ఎంటర్.

ఆ పెట్టె నాలుగు లైన్ల పెట్టె అయివుంటే ఎంటర్ కొడితే కొత్త లైను వచ్చేది, అంతటితో పోయేది. పోర్టల్ వాళ్ళు పెట్టింది ఒంటి లైను పెట్టె. అందులో ఎంటర్ కొడితే ఫారం వెళ్ళిపోతుంది, బటన్ నొక్కక్కర్లేదు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ పుట్టుగుణం అది. ఇక పక్కనున్న జాబితా: 'ప్రశంస, సలహా, ఫిర్యాదు' అని ఉంటుందనుకుంటాం కదా? మొదట ఉన్నది ఫిర్యాదు. ఎవరూ ముట్టుకోకపోతే వెళ్ళేది ఫిర్యాదే. తమ గురించి తమకి అంత స్పష్టత ఉన్న సంస్థని ఇంకెక్కడా చూడలేదు.

స్క్రిప్టు అప్పటికి 305 నంబరు ఫ్లాటు బిల్లు కోసం వెళ్ళి ఉంది. పాప్‌అప్ ఎప్పుడూ ఒక ఫ్లాటు వెనక వస్తుంది కాబట్టి అది 304ది. ఫిర్యాదు నమోదైంది 304 సర్వీసు నంబరు మీద. ఎస్సెమ్మెస్ వెళ్ళింది 304లో ఉండే మేడమ్‌కి. ఆవిడ రిటైరైన తెలుగు టీచరు.

పన్నెండు నిమిషాల తర్వాత తెర మీద 'పూర్తయింది: 62' అని పడింది. ఫోల్డర్లో ఒక్క ఫైలు. పైన 61 టాబులు, గీతల్లా సన్నబడిపోయి, ఏది ఏదో దేవుడికే తెలియాలి. గ్రూపులో మాత్రం మన జవాబు పంపకుండానే ఆగిపోయి ఉంది: "వచ్చేస్తున్నాయి సార్, మీరేం కంగారు ప".

మర్నాడు పొద్దున్న కరెంటాఫీసు నుంచి మేడమ్‌కి ఫోను.

"అమ్మా, మీ ఫిర్యాదు వచ్చింది. డకండి అని రాశారు. డకండి ఎక్కడుందండీ?"

"అలాంటి మాట తెలుగులో లేదు నాయనా."

"డిస్కనెక్షనాండీ?"

"కాదు. 'అండి' ఉంది కాబట్టి గౌరవంగా ఎవరినో ఏదో చెయ్యమంటున్నట్టుంది. కానీ డకడం అనే క్రియ లేదు. నేను ముప్ఫయ్యేళ్ళు చెప్పాను."

"అయితే ఏ కేటగిరీలో వేయమంటారమ్మా?"

ఈ సంభాషణ అంతా ఆవిడే గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా పెట్టారు, ఒకటిన్నర నిమిషం. కింద 37 నవ్వులు. రెండో అంతస్తు కుర్రాడు 'డకండి డకండి' అని స్టిక్కర్ కూడా చేశాడు. ఎవరి పని అని అడిగినవాళ్ళు లేరు. మొన్న రాత్రి బిల్లులు తీస్తున్నానని గ్రూపులో ప్రకటించిన మనిషి ఒక్కడే కదా.

ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని పోర్టల్‌కి వెళ్ళాం. ఉపసంహరణ అనే బటన్ లేదు. హెల్ప్‌లైన్‌లో అడిగితే, 'నా పాత ఫిర్యాదు పొరపాటున పెట్టాను' అని ఇంకో ఫిర్యాదు పెట్టమన్నారు, 'ఇతరములు' కింద. అది కూడా కొత్త టాబ్‌లో తెరుచుకుంటుంది.

ఈలోగా స్క్రిప్టు బాగుచేశాం. ఇంతా చేసి ఏడు లైన్లు. లిస్టు పేజీ హ్యాండిల్‌ని మొదట్లోనే ఒక పేరుతో దాచుకోవాలి. క్లిక్కుకి ముందు ఉన్న హ్యాండిల్స్‌ని సెట్‌గా తీసుకుని, క్లిక్కు తర్వాతి వాటిలోంచి తీసేస్తే మిగిలేవే కొత్తవి. ఒకటికి మించి మిగిలితే ఒక్కోదాంట్లోకి వెళ్ళి అడ్రసు చూడాలి: బిల్లుదైతే పని చేసుకోవాలి, కాకపోతే మూసేయాలి. క్లోజ్ అంటే ఇప్పుడు చేతిలో ఉన్న టాబ్ ఒక్కటే పోతుంది, క్విట్ అంటే మొత్తం దుకాణం. క్లోజ్ చేశాక లిస్టు హ్యాండిల్‌కి మనమే మారాలి, అదంతట అది వెనక్కి రాదు. మారకుండా ఇంకో ఆజ్ఞ ఇస్తే 'అలాంటి విండో లేదు' అని తిడుతుంది. పాస్ తీసేసి ఆ చోట తప్పు పేరు, ఫ్లాటు నంబరు ప్రింటు చేయించాలి. పీడీఎఫ్‌లని క్రోమ్ తనలోనే చూపించకుండా నేరుగా దించేలా ప్రొఫైల్ సెట్టింగులో ఒక లైను పెట్టుకుంటే ఇంకో గొడవ తప్పుతుంది.

ఆ తర్వాత తట్టింది, అసలు టాబులే అక్కర్లేదు. 'బిల్లు చూడు' వెనక ఉన్న లింకు మామూలు లింకే, సర్వీసు నంబరు మారుతుందంతే. చేత్తో లాగిన్ అయ్యాక బ్రౌజర్ నుంచి కుకీలు, అంటే లాగిన్ అయ్యామని సైటు గుర్తుపెట్టుకునే చీటీలు, తీసి, పేజీల్ని నేరుగా తెచ్చే పైథాన్ రిక్వెస్ట్స్ సెషన్‌కి ఇస్తే, 62 లింకులూ బ్రౌజర్ లేకుండానే దిగుతాయి. ఒక్కోదానికి మధ్య మూడు సెకన్ల విరామం ఇచ్చాం. ఇవ్వకపోతే సర్వర్ 429 అంటుంది, అంటే 'ఎక్కువైంది, కాస్త ఆగు' అని. ఆ జవాబు పైన రిట్రై ఆఫ్టర్ అనే హెడర్, అంటే సూచన లైను, వస్తే అందులో ఉన్నన్ని సెకన్లు మర్యాదగా ఆగాలి. ఇంకో జాగ్రత్త: సెషన్ గడువు తీరితే ఈ పోర్టల్ తప్పు అని చెప్పదు. 200, అంటే 'అంతా బాగుంది', అని చిరునవ్వు నవ్వి లాగిన్ పేజీని పంపుతుంది, మన స్క్రిప్టు దాన్నే పీడీఎఫ్ అని పేరు పెట్టి దాచుకుంటుంది. ఫైలన్నీ ఒకే సైజులో కనపడితే అదే జబ్బు. అందుకని ప్రతి ఫైలు మొదటి నాలుగు బైట్లు చూడాలి: శాతం గుర్తు, ఆ వెంటనే పీ, డీ, ఎఫ్ ఉంటేనే నిజమైన పీడీఎఫ్. మొత్తం 62 బిల్లులూ నాలుగు నిమిషాల్లోపే వచ్చాయి. ఒక్క విండో కూడా తెరుచుకోలేదు.

బిల్లులు గ్రూపులో పెట్టాం. ఒక్కరూ చూడలేదు. అందరూ స్టిక్కర్ దగ్గరే ఉన్నారు.

మధ్యాహ్నం 304 మేడమ్‌కి ఇంకో ఎస్సెమ్మెస్: ఫిర్యాదు స్థితి, క్షేత్ర పరిశీలనకు కేటాయించడమైనది. రేపు పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య లైన్‌మన్ వస్తాడట, డకండి చూసి సంతకం తీసుకోవడానికి. "ఆ టైముకి నువ్వే వచ్చి చూపించు బాబూ, నాకు ఎక్కడుందో తెలియదు" అన్నారు మేడమ్.