మూసిన రోడ్డు మీద మా మేనల్లుడు

మొన్న ఇక్కడ కొలంబస్‌లో మన తెలుగు సంఘం జరిపిన దీపావళి వేడుకల్లో యువప్రతిభా సత్కారాలు మొదలైనప్పుడు మా చెల్లెలు మూడో వరుసలో కూర్చుని, రెండు చేతులతో ఫోను ఎత్తి పట్టుకుంది. స్పెల్లింగ్ బీలో రాణించిన పాప, కూచిపూడి రంగప్రవేశం చేసిన ఇద్దరు అమ్మాయిలు, రోబోటిక్స్ జట్టు, క్రికెట్ కప్పు తెచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కరుగా వేదిక ఎక్కి, శాలువా కప్పించుకుని దిగారు. ఆ వెంటనే ప్లాటినం దాతలను పిలిచారు. ఫోను ఇంకా పైనే ఉంది. రెండు వారాల ముందు కార్యవర్గం పంపిన జాబితాలో మా మేనల్లుడి పేరు ఏడోదిగా ఉండటం మేమిద్దరమూ చూశాము. భోజనాల దగ్గర కార్యవర్గ మిత్రుడొకరు నన్ను పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగానే చెప్పారు: "ఏమీ అనుకోకండి అన్నగారూ. కారు రేసులంటే పెద్దవాళ్లు కొందరు అభ్యంతరం చెప్పారు. పిల్లలు చూసి హైవే మీద అదే చేస్తారేమోనని వాళ్ల భయం. వచ్చే ఏడు చూద్దాం."

ఆ భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. చదువుకోవడానికి వచ్చి మొదటి చలికాలం కూడా దాటని పిల్లలను మనం రోడ్ల మీద పోగొట్టుకున్నాము. అర్ధరాత్రి వాట్సాప్ సందేశం వస్తే, తెల్లవారేలోపు చందాలు పోగుచేసి, కాన్సులేటుతో మాట్లాడి, శంషాబాదుకు పేటిక పంపే ఏర్పాట్లు చేసిన సంఘం మనది. ఆ పనిలో నేను రెండుసార్లు ఉన్నాను. రెండోసారి అటునుంచి ఫోనులో మాట్లాడిన తండ్రి గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కాబట్టి అభ్యంతరం చెప్పిన పెద్దల మీద నాకు కోపం లేదు. కానీ వాళ్లు దేనికి భయపడుతున్నారో, మా వాడు చేస్తున్నది దానికి ఎంత దూరమో ఎవరూ అడిగి తెలుసుకోలేదన్న బాధ మాత్రం ఉంది. ఈ సీజనంతా అతని కారును మధ్యమధ్య బాగుచేసే సర్వీస్ బృందంలో పానాలు అందించిన మేనమామగా నేను చూసింది చెబుతాను.

మా వాడికి ఇరవై ఏడేళ్లు. పుట్టి పెరిగింది ఇక్కడే, కొలంబస్‌లోనే. వారమంతా కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. శని, ఆదివారాలు నా గరాజులో పాత ఫోర్డ్ ఫియెస్టా కింద పడుకుని ఉంటాడు. దాని లోపలి సీట్లన్నీ పీకేసి, కారు బోల్తాపడినా లోపలివాళ్లను కాపాడేలా ఉక్కు గొట్టాలతో రోల్ కేజ్ వెల్డింగ్ చేయించి, తలను మెడను కాపాడే హాన్స్ పరికరం, మంటలకు తట్టుకునే దుస్తులు కొనుక్కోవడానికి అతనికి మూడేళ్లు పట్టింది. ప్రవేశ రుసుము, టైర్లు, పెట్రోలు, హోటలు అన్నీ జీతంలోంచే. గెలిచినా చేతికి వచ్చేది చిన్న ఫలకం. అతను ఆడేది ర్యాలీ. ర్యాలీ అంటే సర్క్యూట్ రేసులాగా కార్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తడం అనుకునేవారు మనలో చాలామంది. ఇక్కడ ఒక్కో కారును నిమిషం, రెండు నిమిషాల తేడాతో విడివిడిగా వదులుతారు. మూసేసిన అడవి మట్టిదారిని స్టేజ్ అంటారు. గడియారంతోనే పోటీ. ఒక స్టేజ్ నుంచి మరో స్టేజ్‌కు మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్‌లో, వేగ పరిమితిలోనే వెళ్లాలి. ఆ దారిలో పోలీసు చలానా రాస్తే పోటీలోనూ శిక్ష పడుతుంది. కారు వచ్చిన సమయం రాసుకునే టైమ్ కంట్రోల్‌కు ఒక నిమిషం ఆలస్యంగా వస్తే పది సెకన్లు కలుపుతారు, ఒక నిమిషం ముందే వస్తే పూర్తి నిమిషం కలుపుతారు. తొందరపడినవాడికి ఆలస్యమైనవాడికంటే ఆరు రెట్ల శిక్ష వేసే ఆటను చూసి, ఇది పిల్లలకు దుడుకుతనం నేర్పుతుందని ఎలా అనగలం?

మార్చిలో మిస్సోరీలో జరిగే 100 ఏకర్ వుడ్ ర్యాలీలో రాయి తగిలి ఆయిల్ పాన్ పగిలింది, మొదటి రోజే ఇంటికి వచ్చేశాము. జూన్‌లో మన రాష్ట్రంలోనే, చిల్లికాథీ చుట్టుపక్కల జరిగే సదరన్ ఒహాయో ఫారెస్ట్ ర్యాలీ పూర్తిచేశాడు. గంట, గంటన్నర దూరమే, అయినా మనవాళ్లలో ఒక్కరూ రాలేదు.

ఆగస్టులో మినెసోటాలో జరిగినదాన్ని కాస్త వివరంగా చెప్పాలి. డెట్రాయిట్ లేక్స్ ప్రాంతంలో ఒజిబ్వే ఫారెస్ట్స్ ర్యాలీ. ఎండిపోయిన మట్టి, ముందు వెళ్లిన కారు లేపిన దుమ్ము చెట్ల మధ్య నుంచి కదలకుండా వేలాడుతోంది. పక్క సీటులోని కో-డ్రైవర్, మలుపులను ముందే అంకెల్లో రాసుకున్న నోట్స్ చదువుతుంటుంది, డ్రైవర్ ఆ మాటను నమ్మి కంటికి కనపడని మలుపులోకి కారును వదులుతాడు. చిన్న అంకె అంటే ఇరుకు మలుపు, పెద్ద అంకె అంటే తేలిక మలుపు. ఆ స్టేజ్ సగంలో, నోట్స్ ప్రకారం ఏమీ ఉండకూడని చోట, దారి పక్క గుంటలో ఒక కారు పక్కకు ఒరిగి పడి ఉంది. ప్రతి కారులోనూ ఒక అట్ట ఉంటుంది. ఒక వైపు ఓకే అని రాసి ఉంటుంది, రెండో వైపు ఎర్రటి క్రాస్ ఉంటుంది. కారు ఆగిపోతే, లోపలివాళ్లు క్షేమంగా ఉంటే ఓకే చూపించాలి. ఎర్ర క్రాస్ కనిపించినా, ఏ అట్టా కనిపించకపోయినా వెనక వచ్చే కారు ఆగి తీరాలి. ఆ కారు దగ్గర ఏ అట్టా లేదు. మా వాడు అప్పటికి తన తరగతిలో, అంటే అదే స్థాయి కార్ల విభాగంలో, మొదటి స్థానంలో ఉన్నాడు. ఆగాడు. కో-డ్రైవర్ త్రిభుజం గుర్తు పట్టుకుని వెనక్కి పరిగెత్తి, వచ్చే కార్లకు కనిపించేలా నిలబెట్టింది. ఇతను గుంటలోకి దిగి, బెల్టుల్లో పక్కకు వేలాడుతూ చిక్కుకున్న ఇద్దరినీ పేరు పెట్టి పిలుస్తూ, మెడలు కదపవద్దని చెబుతూ, మంటలార్పే సిలిండరు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తరువాత వచ్చిన కారును ముందున్న రేడియో కేంద్రానికి పంపారు. అక్కడ అమెచ్యూర్ రేడియో వాలంటీర్లు ఉంటారు, అడవిలో ఫోన్లు పనిచేయని చోట ఈ ఆట ప్రాణమంతా వాళ్ల చేతుల్లో ఉంటుంది. అంబులెన్సు వచ్చింది. ఆ ఇద్దరికీ గీతలు తప్ప ఏమీ కాలేదు.

సర్వీసుకు వచ్చినప్పుడు మా వాడి చేతులు వణుకుతున్నాయి. నేను టిఫిన్ డబ్బా తెరిచి పులిహోర పెట్టాను. రెండు ముద్దలు తిని, "మామయ్యా, వాళ్లు వాళ్లమ్మకు ఫోను చేశారో లేదో కనుక్కుంటావా? స్ట్రీమింగులో చూస్తుంటుందేమో" అన్నాడు. పోయిన సమయాన్ని నిర్వాహకులు తరువాత లెక్కగట్టి తిరిగి ఇచ్చారు కానీ, ఆ మాట అడిగినప్పుడు అతనికి ఆ సంగతి తెలియదు. నేను పక్క గుడారంలోకి వెళ్లి అడిగాను. వాళ్లు అప్పుడే మాట్లాడారట. మిగిలిన పులిహోర వాళ్ల మెకానిక్కులకు ఇచ్చి వచ్చాను.

అక్టోబరులో మిషిగన్ ఉత్తర కొసన లేక్ సుపీరియర్ ర్యాలీలో, వర్షానికి తడిసిన ఆకులు రాలిన దారుల్లో, తరగతిలో రెండో స్థానం వచ్చింది. జాబితాలో అతని పేరు చేరింది దానివల్లే. తొలగింది ఆ నెలలోనే.

డిసెంబరులో మా వాడు భారతదేశంలో ఒక ర్యాలీ చేయాలని ఎప్పటినుంచో దాచుకున్న డబ్బుతో చిక్కమగళూరు వెళ్లాడు, నేనూ వెళ్లాను. ఇక్కడి లైసెన్సు, అక్కడి మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఎంఎస్సీఐ అనుమతులు, వైద్య పరీక్షలు అన్నీ అయ్యాక అద్దెకు తీసుకున్న పోలో కారులో కూర్చుంటే స్టీరింగు కుడివైపు, గేరు ఎడమచేతికి. మొదటి రోజంతా అతని కుడిచెయ్యి గేరు కోసం తలుపును వెతికింది. కోయంబత్తూరు నుంచి వచ్చిన కో-డ్రైవర్‌తో నోట్స్ మాటలు సరిపెట్టుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. కాఫీ తోటల ఎర్రమట్టి దారి, రెండువైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో పండిన కాఫీ గింజలు. ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్ ఇలాంటి దారుల మీదే ఆరితేరి 2013, 2016, 2017 సంవత్సరాల్లో ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ విజేత అయ్యాడని, 2019లో అర్జున అవార్డు అందుకున్నాడని, మోటార్ క్రీడల్లో ఆ అవార్డు పొందిన మొదటివాడు అతనేనని మా వాడు నాకు ఆ తోటల్లో నడుస్తూ చెప్పాడు. దేశం గుర్తించిన ఆటను దేశం వదిలి వచ్చిన మనం గుర్తించలేదని అప్పుడు నాకు మనసులో కలుక్కుమంది.

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. కదిరి నుంచి మా తమ్ముడి పిల్లలతో కలిసి రాత్రంతా ప్రయాణం చేసి, కుంకుమ, నిమ్మకాయలు, కర్పూరం సంచిలో పెట్టుకుని వచ్చింది. అప్పటికే కార్లు పార్క్ ఫెర్మేలో ఉన్నాయి. అక్కడ ఉంచిన కారును డ్రైవర్‌తో సహా ఎవరూ తాకకూడదు. కాపలా ఉన్న మార్షల్ కుర్రాడు కన్నడంలో సంగతి చెప్పి చేతులు జోడించాడు. అమ్మ వాదించలేదు. కుర్చీ తెప్పించుకుని తాడు ఇవతల కూర్చుని, మరునాడు పొద్దున కారు బయటికి వచ్చి సర్వీసులో ఆగిన ఆ కొద్ది నిమిషాల్లో మడ్‌గార్డు మీద మూడు బొట్లు పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. మనం కొత్త కారు కొన్నా, దసరా వచ్చినా చేసేది ఇదే. నడిపేవాడి క్షేమం కోరడం మన ఇళ్లల్లో ఎప్పుడూ ఒక ఆచారంగానే ఉంది.

ఆ తరువాత ఆమె ఒక ప్రశ్న అడిగింది. మన సమావేశాల్లో ఎవరూ అడగని ప్రశ్న. "రోడ్డు మీదికి ఎవరన్నా అడ్డమొస్తే ఎట్ల నాయనా? తోటల్లో కూలోళ్లకు తెలీదు గదా." అది అరబికా కోత కాలం. మా వాడు ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని అన్నీ చెప్పాడు: ముందుగా ఊళ్లలో చేసిన ప్రకటనలు, ప్రతి కాలిబాట దగ్గరా నిలబెట్టిన మార్షల్, అడ్డంగా కట్టిన టేపు, పోటీ కార్ల కంటే ముందు వెళ్లి దారి ఖాళీగా ఉందో లేదో చూసే జీరో కారు. దాచకుండా రెండో సంగతీ చెప్పాడు. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్మేర్ దగ్గర ఒక ర్యాలీలో, మూసిన స్టేజ్ మీదికి మోటారు సైకిల్ వచ్చి, పోటీ కారు ఢీకొని, ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు చనిపోయారు. ఇన్ని కట్టుబాట్లు ఉన్నా ఎక్కడో ఒక సందు మిగిలితే ప్రాణం పోతుందని ఈ ఆటలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు, తెలిసే ఆడతారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అట్లయితే ఆ మార్షల్ పిల్లోళ్లకు అన్నం పెట్టినారా ఎవరన్నా?" అంది. తెచ్చిన చిత్రాన్నం పొట్లాలు తమ్ముడి పిల్లలతో వాళ్లకు పంపించింది. మా వాడు ఆ ర్యాలీలో తన తరగతిలో నాలుగో స్థానంతో ముగించాడు.

ఆమె చదివింది ఐదో తరగతి. ఆమెకున్న భయం మన పెద్దల భయం కంటే చిన్నది కాదు, పైగా కారులో ఉన్నది ఆమె మనవడు. అయినా ఆమె ఆ భయాన్ని పట్టుకుని ప్రశ్న దాకా వెళ్లింది, జవాబు విన్నది, తనకు చేతనైన పని చేసింది. మనం భయం దగ్గరే ఆగి, పేరు కొట్టేశాము. పిల్లలకు ఏది ప్రమాదమో వివరించడం కష్టమైన చోట, ఆ విషయాన్ని వాళ్ల కంట పడకుండా చేయడం మనకు చాలాకాలంగా అలవాటు. ఇంట్లో అది ప్రేమగానే మొదలవుతుంది, నేనూ నా కూతురితో అదే చేశాను. సంఘం వేదిక మీద మాత్రం అది ఒక కుర్రవాడి మూడేళ్ల శ్రమను, ఒక తల్లి సంతోషాన్ని మింగేసింది.

మా వాడికి శాలువా కప్పమని నేను అడగడం లేదు. అతనూ అడగలేదు. కార్యవర్గానికి నా మనవి వేరు. ప్రతి ఆగస్టులో విమానాశ్రయం నుంచి మనం తెచ్చుకునే విద్యార్థులకు సామాజిక భద్రతా సంఖ్య, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు గురించి చెబుతాము. మంచు మీద వెనక చక్రాలు జారితే చేతులు ఎటు తిప్పాలో, బ్రేకు మీద కాలు ఎప్పుడు తీయాలో ఎవరూ చెప్పరు. ఇక్కడ ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) క్లబ్బులు ర్యాలీక్రాస్ పోటీలు నడుపుతాయి. ఖాళీ మట్టి మైదానంలో కోన్ల మధ్య, ఒక్కసారికి ఒక్క కారు, తలకు హెల్మెట్, మామూలు కారుతోనే రావచ్చు. కారు జారడం అంటే ఏమిటో ఎవరికీ హాని లేని చోట ఒంటికి తెలుస్తుంది. మా వాడూ అతని స్నేహితులూ మొదటి చలికాలానికి ముందు రెండు శనివారాలు మన పిల్లలతో గడపడానికి సిద్ధంగా ఉన్నారు. మైదానం, బీమా సంగతులు వాళ్లు చూసుకుంటారు. పిల్లలను తీసుకురావలసింది సంఘం.

రెండో మనవి పెద్దలకు. జూన్‌లో చిల్లికాథీ ర్యాలీకి మార్షళ్లు కావాలి. అనుభవం అవసరం లేదు, వాళ్లే శిక్షణ ఇస్తారు. నారింజ రంగు చొక్కా వేసుకుని ఒక కాలిబాట దగ్గర రోజంతా నిలబడి, ఎవరినీ దారి మీదికి రానివ్వకుండా చూడటమే పని. మా చెల్లెలు ఇప్పటికే పేరు ఇచ్చింది. అభ్యంతరం చెప్పిన పెద్దల్లో ఒక్కరైనా ఆమె పక్కన నిలబడితే నాకు సంతోషం. ఉగాదికి ముందు జరిగే కార్యవర్గ సమావేశంలో ఈ రెండు విషయాలకు పది నిమిషాలు కేటాయించమని కోరుతున్నాను. మా వాడిని నేను వెంట తీసుకుని వస్తాను, అడగదలచుకున్నవారు అతన్నే అడగవచ్చు.